ఆ కషాయం నాదే

ష్యూఝెన్‌కు,

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అంత దూరాన, డోంగ్‌గ్వాన్ నగరపు ఎండలకు నువ్వు చిక్కిపోలేదు కదా? అమ్మ మోకాలి సంగతి అడిగావు. కొంచెం నయం, మళ్ళీ మిరపతోటకు వెళుతోంది. చిన్న పందిని అమ్మేశాం.

ఇల్లంతా మందు వాసన వస్తోందట, ఎవరికి జబ్బు అనీ అడిగావు. జబ్బు నాకే.

మూడేళ్ళుగా మూత్రానికి వెళితే మంట, పొత్తికడుపులో లాగుడు. రోజంతా లారీ నడిపేవాణ్ణి కదా, వేడి చేసిందనుకున్నాను. ప్రోస్టేట్ గ్రంథి వాచిందని పట్నం ఆసుపత్రిలో చెప్పారు. మాత్రలు వాడితే తగ్గేది, మానగానే తిరగబెట్టేది. చివరికి సంతవీధిలో మూలికల వైద్యురాలు తాన్ పెద్దమ్మ దగ్గరకు వెళ్ళాను. తలెత్తలేకపోయాను.

"ఏమయ్యా, దొంగతనం చేసి వచ్చావా? నీలాంటి డ్రైవర్లు వారానికి నలుగురొస్తారు. నాలుక చూపించు" అంది. నాడి పట్టుకుని, వేళ్ళూ గింజలూ పొట్లం కట్టింది. "హాయినిస్తుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను. ఆసుపత్రి పరీక్షలు మానకు" అని హెచ్చరించింది. ఆ కషాయం కాచి తాగితే చేదుకు కళ్ళు తిరుగుతాయి కానీ ఇప్పుడు మంట చాలావరకు తగ్గింది.

నీ పక్కన పడుకోవాలంటే నేను భయపడింది ఆ నొప్పి వల్లే. నీకు చెప్పలేదు. నేనంటే ఇష్టం లేదా అని నువ్వు ఏడ్చినప్పుడు గోడవైపు తిరిగాను. పిల్లల్లేరని అమ్మ నిన్ను గొడ్రాలంటుంటే అన్నం తింటూ కూర్చున్నాను. నువ్వు ఇల్లు వదిలి వెళ్ళింది ఆ మాటలకే.

ఇంతకంటే సిగ్గుచేటు పోయిన వారం జరిగింది. "కోడలికి పంపడానికే కాస్తున్నాడు, కడుపు పండాలిగా!" అని అమ్మ పొరుగువాళ్ళతో చెప్పింది. అప్పుడూ నోరు మెదపలేదు. వాళ్ళు నీ పేరెత్తి నవ్వేసరికి ఇక ఉండలేకపోయాను. కషాయం గిన్నె తీసుకొచ్చి వాళ్ళ ముందే గటగటా తాగాను.

"మందు నాకే. లోపం నాదే. ష్యూఝెన్‌నేమీ అనకండి."

వాళ్ళు వెళ్ళాక అమ్మ ఖాళీ గిన్నె నా చేతిలోంచి లాక్కుంది. తర్వాత అంది: "అన్నేసి మాటలంటుంటే నీ నోరు ఏమైందిరా? నన్నెంత పాపిష్టిదాన్ని చేశావు!"

ష్యూఝెన్, నిన్ను తిరిగి రమ్మనే ముఖం నాకు లేదు. నువ్వు సరేనంటే నేనే వస్తాను. అమ్మ కూడా బయలుదేరుతానంటోంది. ఏం చెబుతావమ్మా అంటే, "నీకెందుకు? నేను దానితో మాట్లాడుకోవాలి" అని కసిరింది.

ఇట్లు,
నీ ఎదుట తల దించుకున్న నీ భర్త
కైతాంగ్