వెనక్కి పంపిన పెట్టె

మార్చి 4

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. బావ నడుము నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. ఇక బస్తాలు ఎత్తొద్దని చెప్పు. నీ మాట ఎలాగూ వినడు, నా మాటగా చెప్పు.

ఇక్కడ పని బాగానే సాగుతోంది. కిందటి వారం దూరం నుంచి పదిమంది కొనుగోలుదార్లు వచ్చారు. మా దుకాణం మేడ మీద పొడవాటి గది ఒకటి ఉంది. మధ్యలో బల్ల, ఒక్కొక్కరి ముందు గ్లాసుడు నీళ్లు, ఒక గాజు పళ్లెం. బల్ల చివర నేను నిలబడి సిగార్ ఎలా తాగాలో చెబుతాను. నవ్వకు. మనం చుట్టడం నేర్చుకున్న షెడ్డులో చుట్ట అంటే చుట్టే. ఇక్కడ దాన్నే మెత్తటి గుడ్డ మీద పెట్టి సిగార్ అన్నాక, తాగడం నేర్పడానికి ఒక మనిషి కావాల్సి వస్తుంది. ఆ మనిషిని నేను.

ముందు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కమంటాను. చిటపటమంటే ఆకు ఎండిపోయినట్టు. తల కొసని ఒక్క వేటుకి కోసి, వెలిగించకుండా ఒక పీల్పు పీల్చాలి. ఎండుగడ్డో, తోలో, కొత్తగా చెక్కిన కర్రో, అప్పుడే కొంత తెలుస్తుంది. తర్వాత మంట అంటకుండా, సెగ మాత్రం తగిలేలా తిప్పుతూ ముట్టించాలి. పొగ మింగకూడదు. నోట్లో ఒకసారి తిప్పి వదిలేయాలి. నిమిషానికి ఒక్క దమ్ము, అంతకంటే తొందరపడితే చేదెక్కుతుంది. మొదటి భాగం పలకరింపు, నడిమి భాగంలో అసలు మనిషి బయటపడతాడు, చివరి భాగంలో ఓపిక తేలుతుంది అని చెబుతాను. వాళ్లు రాసుకుంటారు. ఒక పెద్దమనిషి గబగబా నాలుగు దమ్ములు లాగి, కళ్లు తేలేసి, "ఇందులో చాక్లెట్ ఉందండీ" అన్నాడు. "తమరికి తెలిసిపోయిందే" అన్నాను. పొంగిపోయాడు.

ఒక సంగతి చెప్పాలి. మీ షెడ్డు నుంచి వచ్చిన పొడుగు చుట్టల పెట్టె ఒకటి వెనక్కి పంపాను. వచ్చిన ప్రతి పెట్టెలో ఒకటి రుచి చూసి తేల్చేది నేనే కదా, చివరిదాకా తాగి చూశాను. బూజు వాసన తగిలింది. పని నేర్చుకున్న చోటని మొహమాటపడితే నా ఉద్యోగానికి అర్థమే లేదు కదా. యజమాని అందరి ముందూ భుజం తట్టాడు. పెట్టె చీటీ మీద చుట్టినవాళ్ల గుర్తు ఎవరిదో చూడలేదు. ఎవరిదైనా మనసులో పెట్టుకోవద్దని చెప్పు.

పిల్లలకి నా ముద్దులు.

నీ తమ్ముడు


మార్చి 15

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

చీటీ మీద గుర్తు మేస్త్రీది.

మేనేజరు పెట్టె తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "మేస్త్రీగారూ, తమరి శిష్యుడే తిప్పికొట్టాడండీ" అన్నాడు. ఆయన మూత కూడా తెరవలేదు. "ముక్కుగాడు కాదన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది" అన్నాడు. అంతే. మన ఇద్దరికీ ఆకు పట్టుకోవడం నేర్పిన మనిషి, ముప్పై ఏళ్లుగా పొడుగు బల్ల మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి. మర్నాటి నుంచి ఆయన్ని ఆకుల ఈనెలు తీసే చాప మీద కూర్చోబెట్టారు. అక్కడ అందరూ నిరుడు చేరిన ఆడపిల్లలు. ఒకతి, "తాతా, మాకు పోటీకొచ్చావా?" అంది. "లేదమ్మా, మీ దగ్గర నేర్చుకుందామని" అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

కానీ ఆకు తీస్తాడు, వాసన చూస్తాడు, కింద పెడతాడు, మళ్లీ తీస్తాడు. నిన్న నాకొకటి ఇచ్చి, "ఇది బాగుందా చూడమ్మా" అని అడిగాడు. ఆయన ఇంకొకర్ని అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు.

నీకు సరిగ్గా ఏం తగిలింది? ఏ భాగంలో? పెట్టె మొత్తం అలాగే ఉందా, ఒకటి రెండు చుట్టలేనా? ఉన్నదున్నట్టు రాయి. ఇంకెవరికీ చెప్పను.

బావ మళ్లీ బస్తా ఎత్తాడు, మళ్లీ పడుకున్నాడు.

అక్క


ఏప్రిల్ 2

ప్రియమైన అక్కకి,

మేస్త్రీదని తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. నీ ఉత్తరం చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

నడిమి భాగంలో తడిమట్టి తగిలింది, గొంతులో కాస్త గరుకు. తాగింది ఒకటే కాబట్టి పెట్టె మొత్తం అలా ఉందని అనలేను. దారిలో చెమ్మ తగిలిందేమో. బండివాళ్లు పెట్టెలు ఎలా పడేస్తారో నీకు తెలియనిదా? ఇది మేస్త్రీ పనితనంలో లోపం కాకపోవచ్చు. ఆ మాట ఆయనకి చెప్పు. ఇప్పటికిప్పుడు నేను మాట మారిస్తే యజమానికి అనుమానం వస్తుంది. మూడు నెలలు పోనీ, నేనే మీ మేనేజరుకి ఒక మాట రాస్తాను.

బావకి నూనె పంపుతున్నాను. రోజూ మర్దనా చేయించు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడికి,

నూనె అందింది.

నువ్వు చెప్పమన్న మాట మేస్త్రీకి చెప్పాను. "దారిలో చెమ్మ తగిలితే ఆ సంగతి ముక్కుగాడికి తెలియదా? వాడు నన్ను ఓదారుస్తున్నాడు" అన్నాడు.

మొన్న తువ్వాలుతో కళ్లు కట్టించుకున్నాడు. ఐదు కుప్పల నుంచి ఐదు ఆకులు తెచ్చి ముక్కు దగ్గర పెట్టమన్నాడు. ఏది ఏ కుప్పదో, ఏది ఎన్నేళ్లు మాగిందో ఐదింటికీ సరిగ్గా చెప్పాడు. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన తువ్వాలు విప్పుకుని, "తప్పు చెప్పినా మీరు అవుననే అంటారులే" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మడే. ఈ నెలాఖరుకి మానేస్తానని మేనేజరుకి చెప్పేశాడు. "వాడి మాట తప్పు కావాలి, లేదా నా ముక్కు పోయుండాలి. వాడి మాట తప్పు కాదు" అంటాడు. ఒక్కడే మనిషి, ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. షెడ్డుకి రాకపోతే ఏమవుతాడో నాకు తెలుసు.

ఒరేయ్, మొదట బూజు అని రాశావు. తర్వాత తడిమట్టి అన్నావు. ఆ రెంటికీ తేడా మనకి పన్నెండో ఏటే తెలుసు. చివరిదాకా తాగినవాడు రెండు మాటలు చెప్పడు. నెలాఖరులోగా నిజం రాయి.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

నాకు ఏ వాసనా తగల్లేదు. ఆ చుట్ట వెలిగించను కూడా లేదు.

కిందటేడు చలికాలంలో జ్వరమొచ్చిందని రాశాను కదా. జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నాను. ఒకరోజు పాలు మాడి గిన్నె నల్లబడుతున్నా పక్క గదిలోనే కూర్చుని ఉన్నాను. నీ మరదలు "ఏం మనిషివి?" అంది. పేపర్లో పడిపోయానని చెప్పాను. ఇప్పటికీ ఆమెకి తెలియదు.

నాలుక మీద తీపి, చేదు, ఉప్పు, మంట తెలుస్తాయి. మిగతాదంతా పాత నోటుపుస్తకాల్లో నేను రాసుకున్న మాటలే. బూడిద తెల్లగా వేలెడు పొడవు నిలిస్తే ఒక పేజీ, నల్లబడి రాలితే ఇంకో పేజీ. ముందు కొనేవాళ్ల ముఖాలు చూసి తర్వాత మాట ఎంచుకుంటాను. నీకు రాసిన తడిమట్టి మూడేళ్ల కిందటి పేజీలోది.

ఆ రోజు ఎనిమిది పెట్టెలు వరసగా బాగున్నాయన్నాను. మా గుమాస్తా, "ఈమధ్య మీకు అన్నీ నచ్చేస్తున్నాయండోయ్" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు అనుమానంలా వినిపించింది. తొమ్మిదోది మీ షెడ్డుది. తల కోశాను, ఒక పీల్పు పీల్చాను, పక్కన పెట్టాను. తన షెడ్డు పెట్టెనే కాదన్నవాణ్ణి ఎవరు శంకిస్తారు? అది ఆలోచించే చేశాను, చెయ్యి జారి కాదు. ఏడాదిగా పది పెట్టెలకి ఒకటి ఇలాగే వెనక్కి పంపుతున్నాను. ఒక్కటీ కాదననివాడు రుచి చూస్తున్నాడని ఎవరూ నమ్మరు. ఆ పెట్టెల వెనక ఎక్కడెక్కడ ఎవరెవరు చాప మీదకి వెళ్లారో ఇన్నాళ్లూ నేను అడగలేదు.

మేస్త్రీకి నువ్వే మెల్లగా చెప్పు. ఆయన ముఖం నేను చూడలేను.

తమ్ముడు


మే 5

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు దుప్పటి కప్పుకుని పడుకున్నాను. బావ అడిగితే తలనొప్పి అన్నాను.

ఆ పెట్టె బాగాలేదు. ముక్కు ఉండి, వెలిగించి తాగినా నువ్వు దాన్ని వెనక్కే పంపేవాడివి.

మేస్త్రీ చేతులు వణకబట్టి రెండేళ్లయింది. ఆకు ఆయన ఏరేవాడు, చుట్టేది నేను. చీటీ మీద గుర్తు ఆయనది. ఇది మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ పెట్టె చుట్టిన నాటి ఉదయం ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లాడు. లోపలి ఆకు నాలుగు చుట్టలకి తక్కువ పడింది. ఆయన వచ్చాక చేసుకోవచ్చు. కానీ అందరికంటే ముందు నా పెట్టెకే మూత పడాలి, అదొక గర్వం నాకు. ఇంకా మాగని కుప్ప నుంచి నాలుగు ఆకులు లాగి చుట్టేశాను. పైన మంచి ఆకు వేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. పెట్టె తిరిగొచ్చిన రోజే నువ్వు పట్టేశావనుకున్నాను. అందుకే ఏ భాగంలో, ఎన్ని చుట్టల్లో అని గుచ్చి గుచ్చి అడిగాను. నాకు కావలసింది నీకు ఎంత తెలుసో తేల్చుకోవడం.

నోరు విప్పితే ఆయన చేతుల సంగతి బయటపడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా కుర్చీ పోతుందనే. యాభై రోజులు ఆయన చాప మీద ఈనెలు తీస్తుంటే, మొదటి కుర్చీ పక్క కుర్చీలో కూర్చుని చూశాను. నిన్ను నిజం రాయమని గద్దించిన చేతులివే.

నెలాఖరు రోజు పొద్దున్నే పని మొదలయ్యే ముందు లేచి నిలబడి అంతా చెప్పాను. మేనేజరు బీరువా తీసి పెట్టె తెచ్చాడు. వెనక్కి వచ్చిన సరుకు ముట్టుకోవడం ఇష్టంలేక ఇన్నాళ్లూ తెరవని మూత ఆ రోజు మేస్త్రీ తెరిచాడు. ఏ నాలుగో నేను చూపించాను. ఒకటి వెలిగించాడు. అగ్గిపుల్ల వణికి రెండుసార్లు ఆరిపోయింది. రెండు దమ్ములు లాగాడు, మూడోది లాగలేదు. "పచ్చి" అన్నాడు. చుట్ట కింద పెట్టి, "అయితే నా ముక్కు ఉంది" అన్నాడు. నా వైపు చూడలేదు. ఇప్పటికీ చూడడం లేదు.

నన్ను చాప మీదకి పంపారు. ఆయన్ని ఆకు ఏరే గదికి పెద్దగా పెట్టారు. అక్కడ వణుకుతో పేచీ లేదు.

ఇంకో సంగతి రాయక తప్పదు. ఆయన ఇప్పుడు షెడ్డంతా తిరిగి నీ గురించే చెబుతున్నాడు. "చూశారా మా ముక్కుగాణ్ణి! పాతిక చుట్టల్లో నాలుగు పచ్చివి ఉంటే అంత దూరాన కూర్చుని పట్టేశాడు. నేర్చుకుంటే అలా నేర్చుకోవాలి" అని ఆడపిల్లలకి పాఠం పెడుతున్నాడు. మేనేజరు చేత మీ యజమానికి ఉత్తరం కూడా రాయించాడు.

నీ సంగతి నేను చెప్పలేదు, చెప్పను. నాది నేను చెప్పుకున్నాను. చచ్చిపోలేదు. ఆయన నిన్ను పొగుడుతుంటే తలవంచుకుని ఈనెలు తీస్తున్నాను. నీ సిగ్గు కూడా ఇక్కడ నేనే మోస్తున్నాను. వచ్చి తీసుకుపో.

అక్క


మే 12

అక్కా,

నీ ఉత్తరమూ, మేస్త్రీ రాయించిన ఉత్తరమూ ఒకే రోజు వచ్చాయి. యజమాని దాన్ని మేడ మీద గదిలో కొనుగోలుదార్ల ముందు గట్టిగా చదివాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను అక్కడే చెప్పాల్సింది. తల వంచి దండం పెట్టాను. అది వినయం అనుకున్నారు వాళ్లు.

వాళ్లు వెళ్లాక యజమానికి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. ఏడాది దాటిందన్నాను. "ఏడాదిగా ఎవరూ కనిపెట్టలేదు కదయ్యా. నీ గొంతు బాగుంది, మాట బాగుంది. వాళ్లు తాగేది మాటలే. కిందకెళ్లి టీ తాగు" అన్నాడు. అక్కా, ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

నేను వెనక్కి పంపిన పెట్టెల జాబితా రాసి ఇచ్చాను. మీది కాక పదకొండు షెడ్లు. వాటికి ఉత్తరాలు రాయమంటే కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాడు. తాళాలు ఇచ్చేసి వచ్చేశాను. జాబితా నాకు గుర్తుంది. ఇంటి దగ్గర కూర్చుని నేనే రాస్తున్నాను, ఇప్పటికి నాలుగు అయ్యాయి. ప్రతిదాంట్లోనూ వెలిగించలేదన్న మాట రాసేటప్పుడు కలం ఆగిపోతోంది. నీ మరదలు పక్కన కూర్చుని చిరునామాలు రాస్తోంది. ఆమెకి చెప్పాను. పాల గిన్నె గురించి అడిగింది, అవునన్నాను.

మేస్త్రీకి ఉత్తరం రాయడం లేదు. శుక్రవారం బస్సుకి వస్తున్నాను. నువ్వు ముందుగా ఏమీ చెప్పొద్దు. నన్ను చూడగానే ఆయన ఒక చుట్ట నా చేతిలో పెట్టి, అందులో ఏముందో చెప్పమంటాడు. ఆడపిల్లలందర్నీ పిలుస్తాడు. పిలవనీ. అందరూ వచ్చాకే చెబుతాను.

నీ తమ్ముడు