సాంచల షెడ్డు తాళం

అన్నా, ఈ ఉత్తరం ఏ డబ్బాల ఎయ్యాల్నో నాకు తెల్వది.

గాలిదుమారానికి బట్ట నేసే మన సాంచల షెడ్డు కూలి, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఆనాడు తలుపుకు బయటనుంచి తాళం ఉండె. మనం చాయ్‌కని పోతే బట్ట తక్కువైతదని సేటు ఏయించే తాళం.

ఇయ్యాల మళ్ల కట్టిన షెడ్డు తనిఖీకి ఆఫీసరు వచ్చిండు. గోడకు కొత్త గంట. దాని కింద, "దుమారమొస్తే బయటికి ఉరకాలె" అని ఎర్ర రంగుతోని రాయించిండ్రు. గంట కొట్టంగనే అందరం వరుసగ బయటికి వచ్చినం. ఆఫీసరు శెభాషన్నడు, లస్సీ తాగిండు. సేటు నీ ఫొటోకు దండేసి కండ్లు తుడుసుకున్నడు.

జీపు మలుపు తిరిగిందో లేదో, అందరిని మళ్ల లోపలికి తోలి, "ఇగ తాళమెయ్యి" అన్నడు సేటు.

"మబ్బు పట్టింది సేటూ."

"మబ్బు పడితే బట్ట నేసుడు బంద్ చేస్తమా?"

ఆనాడు తాళమేసిన ముసలాయన మొఖం చెల్లక పని ఇడిసిపెట్టిండు. ఆ పని ఇప్పుడు నాది.

లోపల వదిన నూలు కండెలు చుట్టుకుంట కూసున్నది. నేను తాళమేసిన.