గేటు చీటీ

ఆదివారం

మా ఏమండీగారికి,

ఈసారి మీ మీద కోపంతో రాయడం లేదు, భయపడకుండా కూర్చుని చదవండి. మా ఆస్పత్రి ల్యాబు పెద్దాయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆ కుర్చీ మీకిమ్మని అడిగేశాను. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తీసి, "మీ ఆయన రక్తపరీక్షలు చేస్తాడా, నీలాగా కబుర్లు చెబుతాడా?" అన్నారు. "కబుర్లన్నీ నా వంతుకే వచ్చాయండీ, ఆయనకి పనే మిగిలింది" అన్నాను. నవ్వారు. ఆయన నవ్వారంటే సగం పని అయినట్టే.

ఒక్కటే మెలిక. మాది డబ్బు లేనివాళ్ళని కూడా చేర్చుకునే ఆస్పత్రి కదా. బిల్లు కట్టలేనివాళ్ళకి నేను మాఫీ ఫారం నింపుతాను. దాని అడుగునే గేటు చీటీ ఉంటుంది. సంతకాలయ్యాక చించి చేతికిస్తేనే కాపలావాడు బయటికి వదులుతాడు. ఇలాంటి బిల్లులకి ఆస్పత్రి నడిపే ట్రస్టువాళ్ళు ఏడాదికి ఇంత అని హద్దు పెట్టుకుని నీళ్ళొదులుకుంటారు. ఆ హద్దు దాటిందా, దాటినదంతా ఆస్పత్రి తన ఒంట్లోంచే కోసుకోవాలి. నిరుడు కొత్త దుప్పట్లు కొనలేదు. అంతకుముందు వెళ్ళిపోయిన వంటమనిషి స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఈసారి ఖాళీ అయ్యేది ల్యాబు కుర్చీ ఒక్కటే, హద్దు దాటితే దాన్ని నింపరు. లెక్కల ఏడాది ఈ నెలతో సరి. ఇప్పటికి హద్దుకి ఇవతలే ఉన్నాం, అదీ వెంట్రుకవాసిలో.

ఆ దూరపు ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిన నాలుగేళ్ళలో మూడుసార్లు వచ్చారు. పాప మీ బొమ్మ వేస్తే ముఖం ఉండాల్సిన చోట ఫోను గీస్తోంది. బీరువాలో పై అర ఖాళీ చేసేశాను. నా బట్టలన్నీ కింద ఇరుక్కుని ఊపిరాడక చస్తున్నాయి, చావనీండి. రోజుకోసారైనా తలుపు తీసి ఆ ఖాళీ అరని చూసుకుంటున్నాను. పిచ్చిదాన్ననుకోండి, నాకేం. వానాకాలంలో పదిరోజులు ఫోను ఎత్తని నేరం మాత్రం మాఫీ కాలేదు. వచ్చాక తేల్చుకుందాం.

మీ నసమ్మ


శనివారం

ఏమండీ,

ఫోనులో చెబితే మీరు "ఊఁ" అంటారు, నేను ఏడుస్తాను, మధ్యలో పాప లాక్కుంటుంది. అందుకే కాగితం పట్టాను. మీరు ఇక్కడికి రావడం లేదు. రాకుండా చేసింది నేనే.

మూడో వార్డులో ఇళ్ళకి రంగులేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. కాలేయం పాడై నలభై రోజులు మంచం మీదే ఉన్నాడు. బుధవారం డాక్టరమ్మ ఆయన భార్యని పక్కకి పిలిచి, ఇక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని చెప్పేసింది. ఫారం నా బల్ల మీదికి వచ్చింది. దాని వెనకాలే మా హెడ్ గుమాస్తా వచ్చి గొంతు తగ్గించాడు. "నలభై రోజుల బిల్లమ్మా. ఇది పడిందంటే హద్దు దాటిపోతాం. నాలుగు రోజులు సొరుగులో పెట్టు. ఒకటో తారీఖున తీస్తే వచ్చే ఏడాది లెక్కలో పడుతుంది. మీ ఆయన వచ్చేస్తాడు. ఎవరి సొమ్మూ పోదు."

పెట్టానండీ. తాళం కూడా వేశాను.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇంటికెళ్దాం, ఇంటికెళ్దాం అంటున్నాడమ్మా. చీటీ ఎప్పుడిస్తారు?" "సంతకాలు కావాలి, రేపు రా" అన్నాను. అంత నున్నగా అబద్ధమాడగలనని నాకే తెలీదు. గురువారం మళ్ళీ వచ్చింది. "ఆదివారం ఇస్తాం" అన్నాను. గొడవపడలేదు. పడి ఉంటే నాకు సులువుగా ఉండేది, నా నోటి సంగతి మీకు తెలుసుగా. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "ఆదివారందాకా ఉంటాడంటారా అమ్మా?" అని నన్నే అడిగింది.

నిన్న ఏదో కాగితం కోసం మూడో వార్డుకి వెళ్ళాను. మేస్త్రి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, వాచిపోయిన కాళ్ళకి చెప్పులు కూడా తొడుక్కుని. పొద్దున్నించీ అలాగే ఉన్నాడట. పడుకోమని నర్సు బతిమాలితే, "పిలిచినప్పుడు ఆలస్యమవుతుంది" అంటున్నాడట. పడిపోకుండా ఆమె తన వీపుని ఆయన వీపుకి ఆనించి కూర్చుంది. నేను మీకోసం ఎదురుచూస్తూ, పక్కనే ఉన్న మనిషిని ఇంటికి తీసుకెళ్ళనివ్వకుండా ఆమెని ఎదురుచూడమంటున్నాను. కావలసిన కాగితం సంగతే మర్చిపోయాను. తిన్నగా వచ్చి సొరుగు తీసి, సంతకాలు పెట్టించి, చీటీ చించి ఆమె చేతికిచ్చాను.

ఇవాళ సూపరింటెండెంటుగారు పిలిచి, "ల్యాబు కుర్చీ ఇప్పుడు నింపలేమమ్మా. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. తలొంచుకునే అన్నారు పాపం. మేస్త్రి ఇల్లు చేరాడని కబురొచ్చింది. పై అర ఇంకా ఖాళీగానే ఉంది. మళ్ళీ నా బట్టలు సర్దడానికి చేతులు రావడం లేదు. మీరు కావాలి నాకు. ఎంత కావాలో రాయడం చేతకాదు. తిట్టాలంటే తిట్టండి, ఏమీ అనకుండా మాత్రం ఉండకండి.

మీ నసమ్మ


బుధవారం

నసమ్మకు,

రిపోర్టులు రాసే చెయ్యి నాది, నీ అంత బాగా రాయలేను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాచడమెందుకు, మొదటిసారి కోపమొచ్చింది. నాలుగు రోజులేగా, ఉంచితే ఏం పోయింది అనుకున్నాను. తర్వాత నా పర్సు తీశాను.

వానాకాలంలో పనిమీద ఎక్కడికో వెళ్ళానన్నది అబద్ధం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఇక్కడి ఆస్పత్రిలో పడి ఉన్నాను. చెబితే పాపని చంకనేసుకుని పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. అంతకు రెండు రోజుల ముందే పాప బడి డబ్బు పంపేశాను, చేతిలో ఏమీ లేదు. బిల్లుల కిటికీ దగ్గర ఖాళీ పర్సు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. లోపలున్న పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూసి, ఏదో ఫారం నింపి, సంతకాలు చేయించుకొచ్చి, అడుగు ముక్క చించి నా చేతిలో పెట్టాడు. "వానలో తడవకు బాబూ" అన్నాడు. గేటు దగ్గర చూసి తిరిగిచ్చేశారు. సిగ్గుతో పర్సులో దాచేశాను. దానికోసం అక్కడ ఎవరేం వదులుకున్నారో, ఎవరింటికి ఎవరు రాకుండా పోయారో నాకు తెలీదు. అలా ఉంటుందని కూడా నీ ఉత్తరం చదివేదాకా తెలీదు.

నువ్వా ఫారం సొరుగులోనే ఉంచి ఉంటే నేను వచ్చేవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి. నీ కడుపులో మాట దాగదు, ఎప్పుడో ఒకరోజు చెప్పేసేదానివి. అప్పుడు ఈ చీటీ నీకు చూపించే ముఖం నాకుండేది కాదు.

సెలవడిగాను. నాలుగు రోజులిచ్చారు, నాలుగంటే నాలుగే. ఇదివరకైతే నాలుగు రోజుల కోసం అంతదూరం ఏం వస్తాంలే అని ఊరుకునేవాణ్ణి. శుక్రవారం బండెక్కుతున్నాను. పాపని స్టేషనుకి తీసుకురా, నాకు ముఖం ఉందో లేదో చూసుకుంటుంది.

పై అరలో నీ బట్టలు పెట్టకు. రెండు చొక్కాలు తెస్తున్నాను. వెళ్ళేటప్పుడు ఒకటి అందులో వదిలేస్తాను.

నీ ఏమండీ