నూనె పైకెక్కేదాకా

వదినకు,

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. వ్యాను ఇంజను విప్పాను. బేరింగులు బాగా అరిగాయి. అన్నయ్య పోయాక, నేను షెడ్డుకి తెచ్చేదాకా బండి గేటు దాటలేదు కదా, ఈ అరుగుదల ఎక్కడిదని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. రోజూ పొద్దున్నే, అన్నయ్య బయల్దేరే వేళకి, నువ్వు దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు చప్పుడు విని ఆపేస్తున్నావని అమ్మ చెప్పింది.

నిన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ రాత్రంతా ఆగి ఉన్న ఇంజనులో నూనె అడుక్కి దిగిపోతుంది. అది మళ్ళీ పైకెక్కేలోపు ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. వేడెక్కకముందే ఆపేస్తే ఆ నూనె కూడా పాడవుతుంది. బాగుచేసి నేనే తెస్తాను, నడపడం నేర్పిస్తాను. ఇకమీద స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకైనా వెళ్ళిరా.

ఇంకో మాట. అన్నయ్య స్టార్ట్ చేసి వదిలేసి, చేతిరుమాలు మరిచానంటూ రోజూ లోపలికొచ్చేవాడు గుర్తుందా? మతిమరుపు మనిషని నువ్వు నవ్వేదానివి. అదంతా ఉత్తదే. ఓసారి నేను అడిగితే, "నూనె పైకెక్కాలి కదరా, ఈలోగా మీ వదినని ఇంకోసారి చూసొస్తా" అన్నాడు.

నీ మరిది