తోక కింద కారం

మల్లన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదాయె. జనగామల జట్కా తోలినన్ని దినాలు నీ గుర్రం మీద ఈగ వాలనియ్యలే. అందుకే గీ ముచ్చట నీకే రాస్తున్న.

మొన్న తొర్రూరు అంగట్ల ఒక బేరగాడు ముసలి గుర్రం తోక కింద కారం రాసి అమ్మకానికి పెట్టిండు. అది మంటకు ఎగురుతుంటే, "ఎంత హుషారుందో చూడుండ్రి" అంటున్నడు. నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న పోలీసాయనను పట్టుకొచ్చి, "గిట్ల చేస్తే జేలే, చట్టమున్నది" అని గట్టిగ అబద్ధమాడిన.

"గుర్రానికి చట్టమేందే? మనుషులకే దిక్కులేదు" అన్నడు వాడు.

"అయితే ఆ కారం నీకే రాస్తం, జర హుషారుగ ఎగురు" అన్న. అంగడంత నవ్వింది. పోలీసాయన లాఠీ ఎత్తిండు. బేరగాడు బిందెతోని నీళ్ళు తెచ్చి, అందరి ముంగటనే కడిగిండు. గుర్రం ఎగురుడు ఆపి నెమ్మదిగ నిలబడ్డది.

వచ్చేటప్పుడు పోలీసాయనను అడిగిన, "సారూ, నిజంగ గసొంటి చట్టమున్నదా?"

"నాకేమెరుక, నువ్వే చెప్తివి గదనే" అన్నడు.

ఇంటికొచ్చి బడి పంతులును అడిగితే, ఉన్నది, ఎన్నో ఏండ్ల కిందనే వచ్చిందన్నడు. నువ్వు బతికున్నప్పుడే ఉన్నదట మల్లన్నా. అది ఎరుకలేకనే గుర్రాల కోసం బేరగాండ్లతోని నువ్వు ఉత్త నోటితోనే కొట్లాడితివి.

యాదగిరి