మాబున్ని డిగ్రీలో చెల్లని రెండేండ్లు

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, కడప.

అయ్యా,

విషయం: సింహాద్రిపురం మండలం అంగన్‌వాడీ కార్యకర్త షేక్ మాబున్ని దూరవిద్య డిగ్రీలో మొదటి సంవత్సరం చెల్లుతుందని, తక్కిన రెండు సంవత్సరాలు చెల్లవని ఇచ్చిన ఉత్తర్వును పునఃపరిశీలించమని కోరుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను లోగడ సమర్పించిన నాలుగు అర్జీలు, వాటికి ముట్టిన నాలుగు రసీదులు.

1. నా పేరు పి. ఆనందయ్య. జమ్మలమడుగు వాస్తవ్యుడను. అర్థశాస్త్రం అధ్యాపకుడిగా పనిచేసి విరమణ పొందితిని. జతపరచిన పట్టాలో పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం వారి దూరవిద్యా కేంద్రానికి 2012 నుండి 2016 వరకు ప్రొద్దుటూరులో సమన్వయకర్తగా ఉంటిని. ఈ వ్యవహారంలో నష్టపోయినది నేను కాదు. నష్టానికి కారకుల్లో ఒకడిని.

2. 2013లో మాబున్ని దరఖాస్తు కోసం కేంద్రానికి వచ్చింది. అప్పుడామెకు ఇరవై ఎనిమిదేండ్లు. ఫారం చేతిలో పట్టుకుని, "సార్, ఇది గవర్నమెంటుదేనా? మా ఊర్లో ఒకామె యాడో చదివితే పనికిరాదన్యారంట" అని అడిగింది. "అసెంబ్లీలో చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీ ఇది. ఎవరూ కాదనలేరమ్మా" అని చెప్పినది నేనే. ఆ మాట మీదనే చేరింది.

3. ప్రతి ఆదివారం మొదటి బస్సెక్కి, పులివెందులలో మారి ప్రొద్దుటూరుకు వచ్చేది. నేను చర్చిలో తొలి ఆరాధన ముగించుకుని వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని చదువుకుంటూ ఉండేది. ఆమె మొదటి సంవత్సరం పూర్తయ్యాక, 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రం రెండైంది. విశ్వవిద్యాలయం అటు పోయింది. కేంద్రమూ బెంచీలూ మేమూ ఇటు మిగిలాము. ఆ వచ్చిన ఆదివారం, "ఇంగ మన క్లాసులు ఉంటాయా సార్?" అని ఆమె అడిగితే ప్రధాన కార్యాలయానికి ఫోను చేసితిని. ఎప్పటిలాగే నడపమన్నారు. ఆ మాటనే కాగితం మీద పంపమని నేను అడగలేదు. వారు పంపలేదు.

4. 2016లో ఆమె రెండో తరగతిలో ఉత్తీర్ణురాలైంది. గత సంవత్సరం సూపర్‌వైజరు పోస్టుల జాబితాలో పేరు వచ్చింది. ధ్రువపత్రాల పరిశీలనలో ఆగిపోయింది. ఒక రాష్ట్ర శాసనసభ చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి ఆ రాష్ట్రం దాటి కేంద్రం నడిపే అధికారం లేదు గనుక, విభజన తరువాత ప్రొద్దుటూరులో చదివిన చదువు చదువు కాదని ఉత్తర్వు సారాంశం. ఆ ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు గారిని స్వయంగా కలిసితిని.

"మూడేండ్లూ ఒకే గదిలో కూర్చుంది గదప్పా" అన్నాను.

"ఆమె కూర్చున్యాది సార్. రాష్ట్రమే జరిగింది. మేమేం చేసేది?"

ఆయన ఎగతాళిగా అనలేదు. ఆయన టేబులు మీద అటువంటి ఫైళ్లు ఇంకా ఉన్నాయి.

5. శాసనసభ అధికారం సరిహద్దు దగ్గర ఆగుతుందన్న సూత్రం తప్పని నేను అనను. కానీ ఆ చట్టం చేసిన నాడు ఆ సభలో మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సభ్యులు కూడా కూర్చుని ఉన్నారు. మనకోసం చేసిన చట్టం కిందనే ఆమె చేరింది. చదువు మధ్యలో సరిహద్దు వచ్చింది. విభజనకు ముందు చేరినవారికి కోర్సు ముగిసేవరకు పట్టా చెల్లుతుందని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలును. ఆ బ్యాచిలో ఈ ప్రాంతంవారు నలభై ఒక్కమంది. వారిలో ఎందరు అడగడం మానుకున్నారో నాకు తెలియదు.

6. ఉత్తర్వు సంగతి తెలిసి సింహాద్రిపురం వెళ్లితిని. మాబున్ని ఒక పసిబిడ్డను తూకం వేస్తూ ఉంది. బరువు రాసుకుని, బిడ్డను తల్లికిచ్చి, నాకు కుర్చీ వేసింది. నేను క్షమాపణ చెప్పబోతే, "మీరేం చేస్తారు సార్, మీకు మాత్రం ముందే తెలుసునా" అన్నది. తిట్టి ఉంటే నేను ఈ ఐదో అర్జీ రాసేవాడిని కానేమో. నాకు డెబ్బై రెండేండ్లు. సోమవారం సోమవారం తమరు అర్జీలు తీసుకునే వేళకు కడప బస్సెక్కడం కష్టంగా ఉన్నది.

కావున తమరు ఈ అర్జీని రసీదుతో సరిపెట్టక, ఒకసారి పూర్తిగా చదివి, పైవారికి సిఫారసు చేయ చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
పి. ఆనందయ్య
జమ్మలమడుగు

తాజా కలం: సంతకం చేసి కవరు అంటిస్తుండగా మాబున్ని ఫోను చేసింది. మన రాష్ట్రపు విశ్వవిద్యాలయంలోనే మళ్లీ డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిందట. "మొదటిది చెల్లుతుందన్నారు గదమ్మా" అంటే, "అది పోస్టుకు సార్. ఈళ్లు కొత్తగానే చదవాలంటాండారు. మూడేండ్లే గదా. మల్లా ఎకనామిక్స్ చెప్తారా?" అని అడిగింది. చెప్తానన్నాను. ఆమె చేరినందున సమస్య పరిష్కారమైనట్లు రాసి ఈ అర్జీని మూసివేయవద్దని ప్రార్థన.