మల్లయ్య చేతిల కట్టె

శంషాబాద్, 1948 సెప్టెంబర్, ఆదివారం రాత్రి

పొద్దుగాల మా ఇంటి ముంగట బజార్ల నేను, మా ఆయన ఎప్పటిలెక్కనే ఏసు వాక్యం చెప్తున్నం. గగన్‌పహాడ్ దిక్కు నుంచి ఒక సాయిబు ఉరికొచ్చిండు. నెత్తి పగిలి నెత్తురు కారుతున్నది. వెనుక కట్టెలు, గొడ్డళ్లు పట్టుకొని ఇరవై మంది. నిజాం సర్కార్ పోయినప్పటి సంది సాయిబులను దొరికినకాడ కొడుతున్నరు. "అమ్మా, జర లోపలికి రానియ్యి" అన్నడు. రెక్క పట్టి ఇంట్లకు గుంజి తలుపేసిన.

మా ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డడు.

"వాడు నీకేమైతడు?" అని అడిగిండ్రు.

"మా ఇంటికొచ్చిన చుట్టం" అన్నడు.

కట్టె దెబ్బ పడ్డది. చెయ్యి ఇరిగిన సప్పుడు నాకు లోపలికి ఇనబడ్డది. తలుపు తీసి చూస్తే, కొట్టినోడు మల్లయ్య. రెండేండ్ల కింద గిదే బజార్ల నా మాట ఇని బాప్తిస్మం తీసుకున్నోడు.

"మల్లయ్యా, గిదేంది?" అన్న.

"నా తమ్ముని వీళ్లే సంపిండ్రు అక్కా."

"ఈయన సంపిండా?"

వాడు నా మొఖం దిక్కు చూసి, కట్టె కింద పడేసి పోయిండు. తక్కినోళ్లు కూడ మెల్లగ కదిలిండ్రు.

సాయిబు అన్నం ముట్టకుంట మూలకు కూసున్నడు. మా ఆయన చేతికి వెదురు బద్దలు కట్టిన. నొప్పికి మూలుగుతున్నడు గని, మల్లయ్యను ఒక్క మాట అనలె.

నేనెట్ల అంటా? తమ్ముని సంపిన నాడు మల్లయ్య మా తలుపే కొట్టిండు. రజాకార్ల తుపాకులకు భయపడి నేను తలుపు తియ్యలె, దీపం ఆర్పేసిన.